పొట్టేలు కొమ్ము పిలుపు

ధ్యానము: న్యాయాధిపతులు 6:34, నెహెమ్యా 4:20



నెల్లిమర్ల జూట్ మిల్లు కూత విని పనికి పరుగెత్తిన తరములు మన ప్రాంతమున కలవు. కూత అందరి చెవిని పడినను, తన షిఫ్టు అయినవాడే లేచెడివాడు. తక్కినవారు ప్రక్కకు తిరిగి పండుకొనెడివారు. ఇశ్రాయేలులో యుద్ధమునకు పిలిచిన బూరకు అట్టి షిఫ్టులు లేవు.

సంఖ్యాకాండము 10వ అధ్యాయములోని 2 వెండి బూరలను యాజకులే ఊదవలెను. పొట్టేలు కొమ్ము బూర వేరు. హెబ్రీ భాషలో దానిని షోఫారు అందురు. దానికి వెండి అక్కరలేదు, కంసాలి అక్కరలేదు. కాపరి మందలో దొరకునదే. ఏహూదు ఎఫ్రాయిము మన్యములో ఊదినదియు, గిద్యోను ఊదినదియు షోఫారే.

గిద్యోను ఊదగా మొదట కూడుకొన్నవారెవరు? అతని వంశస్థులైన అబీయెజ్రీయులు. వారి ఊరు ఒఫ్రా. అతడు బయలు బలిపీఠమును పడగొట్టిన మరునాడు, అతనిని చంపవలెనని తండ్రి వాకిట నిలిచి అడిగినది ఆ ఊరివారే! అయినను బూర మ్రోగగా, ముందు తగవు తీరనిమ్మని వారు అనలేదు. 7 సంవత్సరములుగా మిద్యానీయులు చేతికందిన పంటను పాడుచేయుచుండగా, తగవులకు వేళ యేది?

నెహెమ్యా దినములలో గోడ పొడవైనది, పనివారు దూరదూరముగా నుండిరి. బూర ఊదువాడు నెహెమ్యా ప్రక్కనే నిలిచెను. ధ్వని ఎక్కడ వినబడునో అక్కడికి అందరును రావలెను. శత్రువు నా వంతు గోడమీదికి రాలేదుగదా అని ఎవడును ఊరకుండరాదు. ఆ గోడ 52 దినములలో ముగిసెను.

ప్రియులారా, మన పోరాటము మనుష్యులతో కాదని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. అయినను బూర మ్రోగుచునే యున్నది. సారావలన ఒక కాపురము కూలుచున్నది. ఒక విధవరాలు జ్వరముతో ఒంటరిగా పడియున్నది. ఒక పడుచువాడు గుడికి వచ్చుట మానెను. మనమో, "ఆ యింటివారితో మాకు మాటలు లేవు" అందుము. పండుగ లెక్కల దగ్గర వచ్చిన తగవు ఏండ్లు గడచినను తీరదు. కూత విని ప్రక్కకు తిరిగి పండుకొన్నవారికిని మనకును భేదమేమి? వారికి షిఫ్టు కాదు. మనకు ఆ సాకును లేదు.

ఈ నెల ప్రభువు బల్లకు రాకమునుపే, మాటలు లేని యింటి వాకిట ఒక్కసారి నిలువుడి. తలుపు తీయుదురో లేదో వారి వంతు. వెళ్లుట మన వంతు.

ప్రార్థన: ప్రభువా, నీ పిలుపు వినియు లేవని మమ్మును క్షమించుము. మా పగలను అణచి, ఆపదలోనున్న సహోదరుని చెంతకు మమ్మును నడిపించుము. ఆమేన్.