పొయ్యిలోని పొదుపు: లోభమా, దాసోహమా?

కొలిచి వండుట, వృథాగా మంట పెట్టకుండుట, మిగిలిన అన్నమును పారవేయకుండుట మంచి గృహస్థుల లక్షణములని అందరును ఒప్పుకొందురు. అయితే ఈ పనులన్నియు లోభియు చేయుచున్నాడు గదా! వాని యింట దీపము తొందరగా ఆరును. వాని పొయ్యిలో కట్టె ఊరక కాలదు. వాని కంచములో మెతుకు మిగులదు. పైకి చూచిన చేతలు రెండుచోట్లను ఒక్కటియే. అట్లయినచో శరణుని మితవ్యయమునకును, పిసినారి కూడబెట్టుటకును భేదమెక్కడ నున్నది? ఈ ప్రశ్న నాకు చిన్నదిగా తోచలేదు. వంటయింటి సంగతులకు ధార్మిక పత్రికలో చోటేమని అడుగువారు ఉందురు. చేతిపనిని పూజతో సమానముగా ఎంచిన సంప్రదాయమున, దినమునకు రెండుపూటల జరుగు వంట అను కాయకమును గూర్చి మాట్లాడకుండుటయే వింత.

ఈ విషయమున మనకు గురుస్థానము ఒక గృహిణిది. ఆమె ఆయ్దక్కి లక్కమ్మ. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ అనగా ఏరిన బియ్యము. ఆమె భర్త మారయ్య కల్యాణ పట్టణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటను కాయకముగా గైకొన్నవాడు. ఆ బియ్యముతోనే వారి జంగమార్చన, వారి భోజనము. ఒకనాడు మారయ్య అనుభావగోష్ఠిలో మునిగి వేళ మరచెను. లక్కమ్మయే కాయకమును గుర్తుచేసి పంపెను. ఆయన తొందరలో రోజూ తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చెను. ఆమె ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఎక్కువైన భాగమును తీసికొనిపోయి ఎచ్చట నుండి తెచ్చితిరో అచ్చటనే పోసి రమ్మన్నది. శూన్యసంపాదనెలో ఈ దంపతుల ప్రసంగమునకు ఒక అధ్యాయమే కలదు.

ఆ బియ్యము దొంగిలినది కాదు. ఎవరును వలదన్నదియు కాదు. నేలపాలయిన గింజలను ఏరుకొన్నవానిని తప్పుపట్టు న్యాయస్థానము లేదు. అయినను లక్కమ్మ లెక్క వేరు. నేటి అవసరమునకు మించినది ‘నాది’ అగుట ఎట్లు అని ఆమె సందేహము. సంపాదించిన విధము శుద్ధమైనంత మాత్రమున మిగులు మనదైపోదని ఆమె భావము. మన ఇండ్లలో తరచుగా వినబడు సమాధానమును ఈ కథ ప్రక్కన నిలిపి చూడుడు: ‘గ్యాసుకు వెల చెల్లించినది మేము, ఎంత కాల్చిన ఎవరికేమి?’ వెల చెల్లించిన మాట నిజమే. కాని మన దేశమున వాడు వంటగ్యాసులో సగమునకు పైగా విదేశముల నుండి ఓడలలో వచ్చుచున్నది. కట్టె అయినచో ఎవరో ఒకరు నరికిన చెట్టు. వెల చెల్లించుటవలన మనకు వచ్చినది వాడుకొను హక్కు. తగలబెట్టు హక్కు కూడ దానితో వచ్చినదా అని లక్కమ్మ అడిగియుండెడిది.

ఎంత తగలబెట్టుచున్నామో ఒక్క ఉదాహరణము చాలును. 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిని మసలు స్థితికి తెచ్చుటకు సుమారు 70 కిలోకెలరీల వేడి కావలెను. అదే లీటరు నీరు పూర్తిగా ఆవిరియగుటకు మరి 540 కిలోకెలరీలు కావలెను. ఎసరు మసలిన తరువాత మంట ఎంత పెంచినను నీటి వేడి 100 డిగ్రీలను దాటదు. పప్పు ఒక్క నిమిషమైనను ముందుగా ఉడకదు. పెంచిన మంట అంతయు ఆవిరియై కప్పునకు పోవును. మూతలేని గిన్నెలో రోజుకు పావులీటరు నీరు ఈ విధముగా ఊరక ఆవిరియైనచో 135 కిలోకెలరీలు పోయినట్లు. కిలో గ్యాసు సుమారు 11,000 కిలోకెలరీలు ఇచ్చును. అందులో గిన్నెకు చేరునది మూడింట రెండువంతులని అనుకొందము. లెక్కవేసిన రోజుకు 18 గ్రాములు, సంవత్సరమునకు ఆరున్నర కిలోలకు పైగా గ్యాసు. మన సిలిండరు 14.2 కిలోలది. మూతపెట్టని ఒక్క గిన్నె సంవత్సరమునకు దాదాపు అర సిలిండరును మింగుచున్నది!

కనుక ఎసరు మసలిన వెంటనే మంట తగ్గించి మూత వేయవలెను. ప్రెషరు కుక్కరు విషయమును ఇట్టిదే. దానిలో వేడి సుమారు 120 డిగ్రీలకు పోవును గనుక వంట త్వరగా అగును. కాని పైనున్న బరువు ఆ ఒత్తిడిని కట్టడి చేయును. మొదటి ఈల తరువాత పెద్దమంటపై వరుసగా ఈలలు వేయించుట ఆవిరిని అమ్ముకొనుట వంటిది. సన్నని మంటపై ఉంచిన లోపలి వేడి అంతే ఉండును. మంట గిన్నె అడుగును దాటి ప్రక్కలకు ఎగబ్రాకుచున్నచో అది గాలిని వండుచున్నదని తెలియవలెను. నీలపు మంట పసుపుగా మారి గిన్నెలు మసిబారుచున్నచో బర్నరు రంధ్రములు శుభ్రము చేయు వేళ వచ్చినది.

ఈ కొలతలు తెలియకయే మన పెద్దలు చాల సంగతులు కనిపెట్టిరి. శనగలు రాత్రియే నానబోయుట, కందిపప్పు అరగంట ముందు నానబెట్టుట వారి అలవాటు. పప్పు మెత్తబడిన తరువాతనే చింతపండు వేయుదురు. పులుపు ముందే పడినచో పప్పు మొండికెత్తును. సున్నము పాలు ఎక్కువగానున్న బోరు నీటిలోనూ అంతే. అటువంటి ఊళ్లలో పట్టి ఉంచిన వాననీరు పప్పునకు వాడిన మంట కలిసివచ్చును. అత్తెసరు పెట్టిన అన్నమునకు గంజి వార్చు పని లేదు. గంజితో పోవు బి విటమినులును నిలుచును. వార్చిన కాలమున మాత్రము ఆ గంజిని ఉప్పు వేసి త్రాగిరి, పశువులకు పోసిరి, బట్టలకు పెట్టిరి. గంజిని మురుగుకాలువలో పోసిన ఘనత మన తరమునకే దక్కినది! సగముపైన ఉడికిన అన్నపు గిన్నెను గట్టిగా మూతవేసి వరిగడ్డి నింపిన బుట్టలోనో పాత కంబళిలోనో చుట్టి ఉంచిన, మిగిలిన ఉడుకు తన వేడితో తానే పూర్తిచేసికొనును. వేడి చల్లారకముందే వడ్డింపవలెనన్నది ఒక్కటే నియమము. ఇక తెలంగాణమున పచ్చిపులుసు ఉండనే యున్నది. చింతపండు రసము, ఉల్లి, మిరప, ఉప్పు. కావలసినచో ఒక్క పోపు. పేరే చెప్పుచున్నది, దానికి పొయ్యి అక్కరలేదని. జొన్నరొట్టె, పల్లీల పొడి, పచ్చిపులుసు ఉన్న పూట ఏమి లోటు? ఇవి పేదల వంటకములని చిన్నచూపు చూచువారు వానిలోని తెలివిని చూడలేదు.

ఇంతవరకు చెప్పినది లోభియు విని ఆనందించును. అసలు చిక్కు ఇకముందున్నది. పొదుపు చేయవలెనన్న మాట ఇంటిలో పుట్టగానే అది ఎవరి మీద పడుచున్నది? చాల ఇండ్లలో అందరి భోజనమైన తరువాత కోడలు కూర్చొనును. కొలిచి వండిన దినమున కొరత పడినచో ఆ కొరత ఆమె కంచములోనే కనబడును. కూర అడుగంటినది ఆమెకు, చల్లారిన రొట్టె ఆమెకు. మగవారి కంచములో పొదుపు ఎన్నడును కనబడదు. అట్టి పొదుపును నేను పొదుపనను. ఒకరి ఆకలిని మరియొకరి పుణ్యముగా వ్రాసికొనుట అది. కొలత వేయువారు తమ కంచముతో మొదలు పెట్టవలెను. ఇంటివారందరు ఒక్కపంక్తిని కూర్చొని తినుచున్న ఇంటిలోనే కొలతకు న్యాయము కలదు. శివుని ముందు స్త్రీపురుష భేదము లేదని ఇష్టలింగమును ఇరువురికిని కట్టిన మతము మనది. వంటయింటి గడప దగ్గర ఆ సమత ఎందుకు ఆగిపోవలెను?

పొగ సంగతియు ఇందులోనిదే. ఖర్చు లేదని కట్టెలపొయ్యినే పట్టుకొని వ్రేలాడుట మితవ్యయముగా కనబడవచ్చును. దాని వెల రూపాయలలో గాక కన్నులలో, ఊపిరితిత్తులలో చెల్లించుచున్నారు. 2020లో ఇంటిలోపలి పొగవలన ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల యోజన వచ్చి పేదయిండ్లకు గ్యాసు పొయ్యిలు చేరినవి. అయినను రెండవ సిలిండరునకు పైకము చాలక మరల కట్టెలవైపు మరలిన కుటుంబములు లేకపోలేదు. ఒక ఇంట ఆవిరిగా పోవుచున్నది, మరియొక ఇంట కొరతగా కనబడుచున్నది. లక్కమ్మ తిరిగి పోసి రమ్మన్న బియ్యము నాకు ఇచ్చటనే జ్ఞాపకము వచ్చుచున్నది.

దాసోహమే మన ధర్మమైనప్పుడు కొలిచి వండుట దాసోహమునకు విరోధము గాదా అని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. వచ్చినవానికి లేదనరాదు, కనుక మిక్కిలిగా వండి ఉంచవలెనని వారి వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. అతిథికొరకు ఒక గుప్పెడు ఎక్కువ పోయుట మంచిదే. కాని పెండ్లి పందిళ్లలో నలువది రకములు వడ్డించి, విస్తళ్లలో సగము వదలి, చెత్తకుండీ నింపుట దాసోహమగునా? అది అతిథికొరకు జరిగినది కాదు, ఆతిథేయుని పేరుకొరకు జరిగినది. నిజమైన దాసోహము జరుగుచోట కొలత మరింత కఠినముగా నుండును. తుమకూరు సిద్ధగంగా మఠమున కులభేదము లేక వేలాది విద్యార్థులకు నిత్యము అన్నము పెట్టుచున్నారు. 2019 జనవరి 21న, 111వ ఏట లింగైక్యులైన శివకుమార మహాస్వాములవారి కాలమున ఆ దాసోహము దేశమంతట పేరు పొందినది. అంతమందికి పెట్టువారికి ఒక గరిటె వృథాయైనచో అది ఎవరి పాలిట గరిటెయో తెలిసియుండును. రెండు మూడు వందలమందికి ఒక్కనాడు పెట్టి మరచిపోవువారికి ఆ లెక్క తెలియదు.

మన పెద్దలు భోజనమైన తరువాత కంచమును నీటితో కడిగి ఆ నీటిని త్రాగెడివారు; నేటికిని కొందరు ఆచరించుచున్నారు. ప్రసాదమున ఒక్క మెతుకును నేలపాలు చేయరాదన్న నిష్ఠ అది. ఆ అన్నమును వండిన నిప్పు ప్రసాదము గాదా? లింగమునకు నివేదించిన పదార్థములో నీరున్నది, ధాన్యమున్నది, వండినవారి శ్రమయున్నది, కాలిన ఇంధనమున్నది. మెతుకును గౌరవించి మంటను గౌరవింపకుండుట సగము ఆచారమే యగును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు నా సమాధానము. లోభియు శరణుడును పొయ్యి దగ్గర ఒకే పని చేయవచ్చును. మిగిలినది పోవు దారి వేరు. లోభి మిగులు పెట్టెలోనికి పోవును. లక్కమ్మ మిగులు వచ్చినచోటికి, లేదా అవసరమున్నచోటికి పోవును. దీనికి మన ఇండ్లలో పూర్వమే ఒక సాధనము కలదు: పిడికెడు బియ్యము. ఎసరులో పోయుటకు కొలిచిన బియ్యము నుండి ఇల్లాలు రోజును ఒక పిడికెడు తీసి వేరు ముంతలో వేసి, జంగమునకో బిచ్చగానికో ఇచ్చెడిది. బియ్యమును పిడికిట పట్టవచ్చును. మిగిల్చిన గ్యాసును పిడికిట పట్టలేము గనుక దాని వెలను పట్టవలెను. ముందు 30 దినములు వచ్చు సిలిండరు 36 దినములు వచ్చినచో, ఆ ఆరు దినముల ఖర్చు ముంతలోనిది. ఆ లెక్క ఇంటి పిల్లలచేత వేయించుడు. వారికి గణితమును అబ్బును. నెలకొకసారి బియ్యముతోపాటు ఆ పైకమును మఠమునకు పంపవచ్చును. మఠము దూరమైనచో, వీధి చివర ఇంకను కట్టెలపొయ్యి ఊదుచున్న ఇంటివారి తరువాతి సిలిండరునకు అందులో కొంత చేర్చినను లక్కమ్మ కాదనదు.