లోపలి వాన

మహేంద్రగిరి కొండల దిగువన, మందస వైపు ఉద్దానంలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక బావా, ఒక బావమరిదీ. బావ పలాస కార్ఖానాలకు జీడిపిక్కలు తోలే వ్యాపారి. ఏది కొన్నా అంగట్లో ఉన్నవాటిలో ఖరీదైనదే కొనేవాడు. బావమరిది మేకలు కాసుకునే కుర్రాడు. సాయంత్రమైతే స్కూలు మైదానంలో వాలీబాల్ ఆడేవాడు. ఒకరంటే ఒకరికి ప్రాణం.

ఆశ్వయుజ మాసం. సముద్రంలో వాయుగుండం తుఫానైంది. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. ఊళ్లో దండోరా వేశారు. సాయంత్రానికి అందరూ తుఫాను షెల్టరుకు చేరాలన్నారు. కొండవార జీడితోటలో కాపలా ఉండే తాత మాత్రం ఇంకా దిగి రాలేదు. అక్కడ శాలలో నాలుగు ఆవులు కట్టేసి ఉన్నాయి. పలుపులు విప్పకపోతే గాలికి శాల వాటి మీదే కూలుతుంది. తాతను దించడానికీ, ఆవులను విప్పడానికీ ఇద్దరూ బయల్దేరారు.

బావ విశాఖపట్నంలో కొన్న రబ్బరు కోటు తీశాడు. మోకాళ్ల కింది దాకా ఉంది, బరువుగా ఉంది. చలేస్తుందని దాని లోపల నూలు బనీను, దాని మీద పొందూరు ఖద్దరు చొక్కా, దాని మీద ఇంకో మందపాటి చొక్కా తొడిగాడు. కింద జీన్సు ప్యాంటు. మెడ దాకా బొత్తాలన్నీ పెట్టేశాడు.

"సూడరా, సుక్క నీరు లోపలికి రాదు" అన్నాడు.

బావమరిదికి వాళ్ల అమ్మమ్మే దగ్గరుండి తొడిగింది. ఒంటికి అంటుకునేలా పల్చటి నైలాన్ జెర్సీ, వాలీబాల్ ఆడేటప్పుడు వేసుకునేదే. దాని మీద, చిరిగిపోయిన కంబళి కత్తిరించి ఆమె కుట్టిన చేతుల్లేని ఉన్ని కోటు. అన్నిటి మీదా టోపీ ఉన్న తేలికపాటి జర్కిన్. దాని కుట్ల వెంట కొవ్వొత్తి మైనం రుద్దింది, సూది పోయిన ప్రతి కన్నంలోంచీ నీరు దిగుతుందని. కిందకు నిక్కరు చాలంది. ఇంకో జెర్సీ, ఒక లుంగీ పాలిథీన్ సంచిలో పెట్టి, మూతి రెండుసార్లు మడిచి కట్టి ఇచ్చింది.

తర్వాత మనవరాలి మొగుడి వైపు తిరిగింది. "బావూ, కొండెక్కినప్పుడు ఆ బొత్తాలు ఒగ్గేయండి. ఉడికే కుండకి మూతెడితే మూత లోపలేపు నీరు కారదేటి? ఒళ్లూ అంతే."

"పర్నేదు అమ్మమ్మా, మంచి కోటు ఇది" అన్నాడు బావ. ఇద్దరూ బయల్దేరారు.

వాన అప్పటికే అడ్డంగా కొడుతోంది. దారి పొడవునా ఎగువే. చీకటి పడకముందే చేరాలని బావ గబగబా నడిచాడు. బావమరిది ఎక్కుతున్నంతసేపూ జర్కిన్ జిప్పు సగం దించేశాడు. కాస్త తడిసినా పట్టించుకోలేదు. ఒళ్లు వేడెక్కితే ఉన్ని కోటు విప్పి సంచిలో దోపేవాడు, చల్లబడితే మళ్లీ తొడిగేవాడు.

"నాలుగడుగులకోసారి ఆగి ఈ తీసుడూ తొడుగుడూ ఏట్రా?" అని బావ విసుక్కున్నాడు.

తోట చేరేసరికి గాలి ఊళపెడుతోంది. శాల దగ్గర ఇద్దరూ ఆగారు. ఆగిన కాసేపటికే బావకు వణుకు మొదలైంది. పళ్లు టకటకలాడుతున్నాయి. పలుపు ముడి విప్పబోతే వేళ్లు వంగలేదు. మాట ముద్దగా వచ్చింది. కోటు లోపల చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చొక్కాలు రెండూ పిండితే నీరు కారేలా ఉన్నాయి.

"మోసం సేసినాడ్రా ఆ షాపోడు! కోటు కారిపోతంది" అన్నాడు.

బావమరిది ఆవుల పలుపులు తాను విప్పాడు. వచ్చి బావ చొక్కా చెంగు పిండి, తడి వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పగా ఉన్నాది బావా. వోన నీరు ఉప్పగుంటదేటి? ఇది మబ్బులోంచి రానేదు, నీ ఒంట్లోంచి వచ్చినాది."

బావ మారు మాట్లాడలేదు. బావమరిది అతన్ని శాల చాటుకు లాగి, తడిసిన నూలు బట్టలన్నీ విప్పించాడు. సంచిలో ఉన్న పొడి జెర్సీ తొడిగి, లుంగీ కట్టి, తన ఉన్ని కోటు అతనికి వేశాడు. కాసేపటికి వణుకు తగ్గింది. వేళ్లు కదిలాయి.

ఇంతలో తాత గుడిసెలోంచి వచ్చాడు, నెత్తి నుంచి నడుము దాకా తాటాకు గిడుగుతో. "నాకేటి, గిడుగున్నాది" అన్నాడు. మాట పూర్తికాకముందే గాలి దాన్ని ఎత్తి జీడికొమ్మల్లోకి విసిరేసింది. ఉడుపుల్లో నడుం వంచి, నిటారుగా పడే వానలో నాట్లు వేసేవాళ్లకు అంతకు మించిన గొడుగు లేదు. ఎదురుగాలికి మాత్రం అది నిలవదు.

బావ తన రబ్బరు కోటు లోపలి తడి తుడిచి, తాతకు తొడిగాడు. తాత మెల్లగా నడిచే మనిషి. దిగువకు నడక. ఒంటికి చెమట పట్టలేదు, బయటి నుంచి చుక్క దిగలేదు. శాలలో దొరికిన యూరియా సంచి ఒక మూల రెండో మూలలోకి దోపి బావ నెత్తిన వేసుకున్నాడు. దాని కింద ఉన్ని అతని వేడిని పట్టి ఉంచింది. మహేంద్రతనయ పొంగకముందే ముగ్గురూ షెల్టరు చేరారు.

అక్కడ తాత కోటు విప్పి బావ చేతికిచ్చాడు. "బావూ, ఎంత మంచి కోటు! లోపల పొడిగుడ్డలాగున్నాను" అన్నాడు.

బలమైన పడుచువాణ్ని వణికించిన కోటే ముసలివాణ్ని పొడిగా దించింది. కోటు మారలేదు. తొడుక్కున్న మనిషీ, అతను చేసే పనీ మారాయి.

నీతి: వాన బయటి నుంచే కాదు, లోపలి నుంచీ కురుస్తుంది. రెండింటికీ దారి చూసి తొడుక్కున్నవాడే పొడిగా ఇల్లు చేరతాడు.

ఈ నీతి ఉత్తరాంధ్రకు ఎంతో అవసరం. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. తేదీలు చూస్తే మన తుఫానుల కాలం ఏదో తెలుస్తుంది. పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఆ గాలి వేళ్లతో పెకలించింది. అంత గాలిలో, ఆ తర్వాతి వానల్లో కూడా ఎవరో ఒకరు బయటికి వెళ్లక తప్పదు. తీగలు సరిచేసే లైన్‌మన్, పడవ ఒడ్డుకు లాగే మత్స్యకారుడు, పశువుల కోసం వెళ్లే రైతు, ముసలివాళ్లను మోసుకొచ్చే కుర్రాళ్లు.

మనది వేడి ప్రాంతం, ఇక్కడ చలికి ఏమవుతుందిలే అనుకుంటాం. మనిషి లోపలి వేడి 37 డిగ్రీలు ఉండాలి. అది 35 కన్నా కిందికి దిగితే ప్రమాదమే. నీరు గాలి కన్నా దాదాపు పాతికరెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తడి గుడ్డకు ఈదురుగాలి తోడైతే ఆ తడి ఆరుతూ ఇంకాస్త వేడిని పట్టుకుపోతుంది. వేళ్లు మాట వినకపోవడం, మాట ముద్దకావడం, ఊరికే విసుగు రావడం తొలి గుర్తులు. వాటిని చూసిన వెంటనే తడిబట్టలు విప్పించి పొడివి తొడగాలి.

పొందూరు ఖద్దరు మన ఉత్తరాంధ్రకు గర్వకారణం. వేసవిలో చెమటను పీల్చుకుని ఒంటిని చల్లబరిచే ఆ గుణమే తుఫానులో దోషమవుతుంది. తడిసిన నూలు నీటిని పట్టుకుని వదలదు. అందుకే వాననాడు చర్మానికి తగిలేది నైలానో పాలిస్టరో పల్చటిదై ఉండాలి. అది చెమటను పైకి లాగి వేగంగా ఆరిపోతుంది. మధ్యలో ఉన్ని. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, పోగుల మధ్య గాలిని నిలిపి వేడిని కాపాడుతుంది. కంబళి కప్పుకుని వానలో మందను కాసే గొల్లలకు ఇది తరతరాల అనుభవం. పైన గాలినీ వాననూ ఆపే పొర. మూడు పొరలు, ఒక్కోదానికి ఒక్క పని. ఒకే మందపాటి కోటు మూడు పనులూ చెయ్యలేదు.

1823లో చార్లెస్ మాకింతోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి వానకోటు చేశాడు. నీరు ఆగింది, చెమటా లోపలే ఆగిపోయింది. 1969లో బాబ్ గోర్ సాగదీసిన టెఫ్లాన్‌తో, ఆవిరి బయటికి పోయి నీటిబొట్టు లోపలికి రాని పల్చటి పొరకు దారి చూపాడు. ఆ రకం కోట్లు ఇప్పుడు మన దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. కానీ ఆవిరి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే పోతుంది. తుఫాను రోజు మన తీరంలో గాలే ఆవిరితో నిండి ఉంటుంది కనుక ఆ పొర పని బాగా తగ్గిపోతుంది. కాబట్టి మనకు గుడ్డ ఖరీదు కన్నా గాలి ఆడే దారి ముఖ్యం. చంకల కింద జిప్పు, మెడ దగ్గర వదులు చేసుకునే వీలు, వీపు మీద కప్పుతో కూడిన చీలిక ఉన్నాయేమో చూడాలి. కోటును లోపలివైపు తిప్పి కుట్ల మీద పట్టీ అంటించారో లేదో గమనించాలి. ముందు జిప్పు మీద కప్పు, టోపీకి బిగించే తాడు ఉండాలి. పని మొదలుపెట్టేముందు ఒక పొర తగ్గించాలి, ఆగిన వెంటనే తొడగాలి. ఒక జత పొడిబట్టలు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ఇతరులను కాపాడటానికి వెళ్లేవాడు తానే ఒకరు మోయాల్సిన బరువు కాకూడదు. అందుకే కోటు తన కోసం కొంటున్నా, పనివాళ్ల కోసం కొంటున్నా, ఊరి కోసం కొంటున్నా, "ఇది వాననాపుతుందా?" అని అడిగి ఊరుకోవద్దు. "దీన్ని తొడిగే మనిషి ఏం పని చేస్తాడు, అతని చెమట ఎటు పోతుంది?" అని కూడా అడగాలి.