సేవాలయమున తాళపుచెవి

పరులకు మేలు చేయుటకై వెలసిన సంస్థ కొంతకాలమునకు తన్ను తాను కాపాడుకొనుటయే పరమార్థముగా భావించుట లోకమున అపూర్వము కాదు. అనాథాశ్రమమైనను, వైద్యశాలయైనను, విద్యార్థుల వసతిగృహమైనను సరే, మొదట ఆర్తుని కొఱకు నియమము పుట్టును. పిమ్మట నియమము కొఱకు ఆర్తుడు వంగవలసి వచ్చును. అట్టి సంస్థను తిరిగి దాని ధర్మమునకు మరల్చుట ఎట్లు? క్రొత్త భవనముల చేతనా? క్రొత్త అధికారుల చేతనా? ఈ ప్రశ్నను పరీక్షించుటకు ఇటలీ దేశపు ఉదంతమొకటి మిక్కిలి తగియున్నది.

ఆ దేశమున 1904లో చేసిన చట్టము ప్రకారము, మతి చలించినవాడు తనకు గాని పరులకు గాని అపాయకరుడని తోచినచో ఆసుపత్రిలో నిర్బంధింపబడెడివాడు. రాను రాను అతని పేరు నేరస్థుల పట్టికకు సైతము ఎక్కసాగెను. మందునకును చెఱకును గల భేదము అచ్చట చెరిగిపోయెను.

1961లో ఫ్రాంకో బసాల్యా అను వైద్యుడు గొరీజియా పట్టణమునందలి మానసిక చికిత్సాలయమునకు అధిపతియై వచ్చెను. రాత్రి ఎవరెవరిని కట్టివేసిరో వ్రాసిన పుస్తకమును ఉదయమున అధిపతి ముందుంచి చేవ్రాలు చేయించుకొనుట అచ్చటి ఆచారము. మొదటినాడే ఆయన చేవ్రాలు చేయనని త్రోసిపుచ్చెనని చెప్పుదురు. ఇది చిన్న పనియే. దీనికి ధనవ్యయము లేదు, ప్రభుత్వపు అనుమతి అక్కఱలేదు. కాని కట్టివేసిన చేతికి అంతవఱకు అండగా నున్న పైవాని సమ్మతి ఆ క్షణముననే తొలగిపోయెను. అన్యాయము పెక్కుచోట్ల క్రూరుల వలన గాక చేవ్రాళ్ల వలననే నిలుచుచున్నదని తలపక తప్పదు.

తరువాత తలుపులు తెఱచిరి. రోగులు, పరిచారకులు, వైద్యులు ఒక్కచోట కూర్చుండి నిత్యము సభ జరుపుకొనిరి. ఇష్టమున్నవాడు లేచి మాటాడవచ్చును, విసుగు పుట్టినవాడు లేచి పోవచ్చును. కులవృత్తి భేదము లేక అందఱును కూర్చుండిన అనుభవమంటపము నెఱిగినవారికి ఇది వింతగా తోచదు.

1971లో బసాల్యా ట్రియెస్టే నగరమునకు మారెను. అచ్చటి ఆసుపత్రిలో సుమారు 1200 మంది యుండిరి. వారిలో పలువురు చికిత్స యను పేరిట ఊడ్చుట, ఉదుకుట మున్నగు పనులు చేయుచు, ప్రతిఫలముగా అల్పవస్తువులు మాత్రమే పొందెడివారు. ఈ రోగులు పనివారితో చేరి సహకార సంఘమును స్థాపించిరి. 1973 నాటికి దానికి చట్టబద్ధత లభించెను. అదే పని, అదే చీపురు. కాని ఇప్పుడు ఒడంబడిక కలదు, కూలి కలదు.

ఈ మార్పు నిచ్చట కొంత నిలిచి విచారింపవలెను. బసవేశ్వరుని మార్గమున కాయకము వెట్టి కాదు. తన కష్టార్జితముతో తాను బ్రదికి, మిగిలినదానిని దాసోహమున కర్పించుటయే దాని తాత్పర్యము. పుచ్చుకొనుట తప్ప వేఱు గతి లేనివాడు దాసోహము చేయజాలడు. అన్నము, వస్త్రము, పడక లోపము లేక సమకూర్చి, ఇచ్చెడి హక్కును మాత్రము హరించు సేవాలయములు ఎన్ని లేవు? దాతలు మెచ్చుకొనుచుందురు, లెక్కలు సరిగా నుండును, లోపలివాడు మాత్రము ఎన్నటికిని అప్పులవాడే. ట్రియెస్టేలో మొదటి జీతముతో రోగి మరల ఇచ్చువాడగుటకు తగినవాడయ్యెను.

1973లోనే వారు కఱ్ఱతోను, కాగితపు గుజ్జుతోను పెద్ద నీలిగుఱ్ఱమును చేసి ఊరేగించిరి. అది ద్వారమున పట్టకపోగా ద్వారమునే పగులగొట్టి బయటికి తెచ్చిరి.

అయితే దీనికి చెల్లించిన వెల యొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. 1968లో గొరీజియానుండి ఒకనాటి సెలవుపై ఇంటికి వెళ్లిన రోగి తన భార్యను చంపెను. బసాల్యాపై అభియోగము మోపి విచారించిరి; ఆయన నిర్దోషియని తేలెను. న్యాయస్థానము విడిచిపెట్టినను ప్రశ్న విడువదు. తలుపు తెఱచుటకు ఒప్పుకొన్నది వైద్యుడు. ప్రాణము పోయినది ఒప్పుకొనమని ఎవరును అడుగని యొక ఇల్లాలికి. తాళము వేసిన గదులలో మ్రగ్గి మడిసినవారి సంగతి పత్రికల కెక్కదు గనుక బయటి మరణమే పెద్దదిగా తోచుననుట నిజమే. మన దేశమున 2001 ఆగస్టు 6న ఎర్వాడిలో నిప్పంటుకొనినప్పుడు సంకెళ్లతో నున్న 28 మంది మరణించిరి. ఐనను ఒక మరణము మఱియొక మరణమునకు జవాబు కానేరదు.

ట్రియెస్టేవారు వెదకిన జవాబు వేఱు. నగరపు పేటలలో రేయింబవళ్లు తెఱచియుండెడి కేంద్రములను, ఒక్కొక్కదానిలో కొలది పడకలతో, నెలకొల్పిరి. పరిచారకుడు కావలి మాని రోగి ఇంటికి నడచిపోవలసి వచ్చెను. ఇది తాళము వేయుటకంటె ఎక్కువ శ్రమ గల పని. 1978 మే 13న దేశమంతటికి వర్తించునట్లు చట్టము వెలువడి, క్రొత్తగా ఎవరిని పాత ఆసుపత్రులలో చేర్చరాదని నిషేధించెను. 1980లో ట్రియెస్టే ఆసుపత్రి మూతపడెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే బసాల్యా కన్నుమూసెను. తక్కిన ప్రాంతములలో పాత ఆసుపత్రులు తొలగుటకు ఇంచుమించు ఇరువది యేండ్లు పట్టెను. చట్టము వచ్చి, కేంద్రము రాని చోట్ల ఆ బరువును పెక్కేండ్లు మోసినది రోగి తల్లిదండ్రులే.