పాత కాగితము ఎవరి పక్షమున సాక్షి?

ఖరగ్‌పూర్‌లో ఐ.ఐ.టి. ప్రాంగణమునకు చేరువనున్న ప్రేమ్ బజార్ వంటి పేటలో, రైల్వే కొలువు చేసి విరమించిన తెలుగువాని యింట ఒక ట్రంకుపెట్టె ఉండుట సహజము. బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షనుగా చేసి, ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో ఇచ్చట కర్మాగారమును నెలకొల్పిన కాలమునుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు తరతరములుగా ఈ ఊర నివసించుచున్నవి. అట్టి యింటి పెట్టెలో మూడు లిపులు కనబడును. ఇంటి చిట్టాయు ప్రోనోట్లును తెలుగులో, పే స్లిప్పులు, పెన్షను ఉత్తరువు, బీమా పాలసీ ఆంగ్లములో, స్థలముయొక్క దలిల్, అనగా దస్తావేజు, బంగ్లాలో ఉండును. పెట్టె నిండినప్పుడు మొదట బయటికి పోవునది ఇంటిలోని పిన్నలు చదువలేని కాగితము. ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తెలుగు నేర్వని పిల్లలకు అది తరచుగా తెలుగు కాగితమే. ఆ కాగితములోనే ఇరుగుపొరుగువారి సొమ్ము సంగతి వ్రాయబడి యుండవచ్చునని వారికి తెలియదు.

ఏ కాగితమును ఎంతకాలము ఉంచుకొనవలెను? ఈ ప్రశ్నకు చట్టము తనకు చేతనైన జవాబు చెప్పుచున్నది. 1963నాటి కాలపరిమితి చట్టము ప్రకారము ప్రోనోటు బాకీకి మూడేండ్లు, స్థిరాస్తి స్వాధీనపు దావాకు పండ్రెండేండ్లు గడువు. ఆదాయపు పన్నువారు పాత లెక్కలను తిరిగి తెరచు గడువును 2024లో చేసిన సవరణ కొంత తగ్గించెను. సాధారణ గృహస్థుడు పన్ను కాగితములను ఏడేండ్లు భద్రపరచినయెడల కొదువ యుండదు. ఇంటి దస్తావేజును ఇల్లున్నంతకాలమును, ఇల్లు అమ్మిన పిమ్మట ఆ అమ్మకపు పన్ను తీరి గడువు ముగియువరకును ఉంచవలెను. కరెంటు బిల్లు తరువాతి బిల్లు వచ్చి లెక్క సరిపోయిన పిదప ఉండనక్కరలేదు. ఇందులో చింతింపవలసినంత నైతిక సమస్య లేదు. పారవేయునప్పుడు మాత్రము చింపి పారవేయవలెను. బెంగాలులో పాత కాగితము ఠోంగా అను పొట్లమై మరమరాలతో తిరిగి వచ్చును. ఒకని బ్యాంకు ఖాతా వివరములను వేరొకడు మరమరాలు నములుచు చదువుకొనుట ఎవరికిని క్షేమము కాదు.

అయితే చట్టపు గడువు ప్రధానముగా ఒకే ప్రశ్నను మనస్సున నుంచుకొన్నది: కాగితము దాచినవానికి దానితో ఇంకను పని యున్నదా? విశ్వాసి అడుగవలసిన ప్రశ్న దీనికంటె వెడల్పైనది. ఈ కాగితము ఎవరి పక్షమున సాక్ష్యమిచ్చుచున్నది? వాని కిది ఇంకను అవసరమా?

రైల్వేలో 1957లో పెన్షను పథకము వచ్చెను. దానిని కోరుకొనక భవిష్యనిధి పద్ధతిలోనే నిలిచినవారు విరమించునాడు మొత్తము సొమ్ము పుచ్చుకొని వెళ్లిపోయిరి. వారికి నెలనెల పెన్షను లేదు, వారి మరణానంతరము భార్యకును లేదు. లెక్క తీరినదనియే అందరును తలంచిరి. కాని 1988లో ప్రభుత్వము, 1986 జనవరి 1వ తేదీకి ముందు విరమించి చనిపోయిన అట్టివారి కుటుంబములకు నెలకు 150 రూపాయలు దయాపూర్వకముగా ఇచ్చుటకు ఉత్తరువు చేసెను. సొమ్ము స్వల్పము, అయినను ఏ ఆదరువును లేని విధవరాలికి అది బియ్యపు ఖర్చు. అట్టి సొమ్ము కోరుటకు భర్త ఎప్పుడు ఏ శాఖలో పనిచేసి ఎప్పుడు విరమించెనో చూపవలెను గదా. ఇరువదియేండ్లు ఎవరికిని అక్కరలేకుండిన కొలువు కాగితము ఆమె చేతిలో ఒక్కదినమున జీవించెను. దానిని దాచినవాడు తనకొరకు దాచలేదు; అతనికి దానితో పని ఏనాడో తీరినది.

యిర్మీయా కొనిన పొలము సంగతి ఇట్టిదే. యెరూషలేము ముట్టడిలో నుండగా, బందీగృహపు ఆవరణములో నున్న ప్రవక్త అనాతోతులోని పొలమును పదియేడు తులముల వెండికి కొనెను. పత్రములు రెండు, ముద్ర వేసిన దొకటి, విడిగా నున్న దొకటి. వాటిని మట్టికుండలో పెట్టించెను. ఆ పొలమును దున్నువాడు తాను కాడని అతనికి తెలియును. వేదపాఠకులు దీనిని విశ్వాసమునకు గురుతుగా చదువుట న్యాయమే. కాని అది నిజమైన దస్తావేజు కూడ నని మరువరాదు. మృతసముద్రమునకు పడమటనున్న నహల్ హెవెర్ గుహలో 1961లో దొరికిన తోలుసంచి ఈ వాడుకను కన్నులకు కట్టించును. బబథా అను యూదు విధవరాలి పత్రములు ముప్పదియైదు అందులో నుండెను. వాటిలో కొన్ని యిర్మీయా పత్రముల రీతినే, లోపల ముద్రించిన ప్రతియు వెలుపల తెరచిన ప్రతియు గలవి. యుద్ధకాలమున గుహలో దాగబోవుచు ఆమె వాటిని వెంట గొనిపోయెను. వాటిలో క్రీ.శ. 132 నాటి రశీదొకటి, తన తండ్రిలేని కుమారుని పోషణకై ముట్టిన స్వల్పపు సొమ్మునకు ఆమె యిచ్చినది.

ఇంతవరకు సులభము. తన యింటివారికి మేలు చేయు కాగితమును దాచుటకు ఉపదేశ మక్కరలేదు. తనకు విరోధముగా సాక్ష్యమిచ్చు కాగితము మాటేమి?

తెలుగువారిలో చేబదులు అను మంచి మాట యున్నది. చేతినుండి చేతికి పోవు అప్పు, దానికి పత్రముండదు. ఇంటి చిట్టాలో ఫలానివారి వద్ద ఇంత తెచ్చితిమని వ్రాసికొన్న పంక్తియే సాక్షి. ఇచ్చినవాడు చనిపోవును, లేదా బదిలీయై చక్రధర్‌పూర్‌కో విశాఖకో పోవును. మూడేండ్లు గడచును. చట్టభాషలో బాకీకి కాలదోషము పట్టినది. కాలదోషము పట్టునది దావాకే గాని ఋణమునకు కాదు. 1872నాటి కాంట్రాక్టు చట్టము సైతము దీనిని ఎరుగును: కాలదోషము పట్టిన అప్పును తీర్చెదనని ఋణస్థుడు వ్రాసి సంతకము చేసినయెడల ఆ మాట చెల్లునని 25వ సెక్షను చెప్పుచున్నది. తీరని ఋణము ఉన్నదని ఒప్పుకొననిదే ఆ నిబంధనకు అర్థము లేదు. కావున చిట్టా పుస్తకమును మూడేండ్లకు చింపువాడు చట్టరీత్యా నిర్దోషి. పొరుగువాని ఏకైక సాక్షిని మాత్రము అతడు నోరు మూయించినాడు. అట్టి పంక్తిగల పుస్తకమునకు గడువు సంవత్సరములలో లేదు. సొమ్ము ఇచ్చినవానికో, వాని పిల్లలకో ముట్టువరకు అది యుండవలెను.

ఇక ఇతరులు తన కియ్యవలసిన కాగితము మిక్కిలి కష్టమైనది. ఒక పదవీ విరమించిన ఫిట్టరు తన ఊరివానికి ప్రోనోటుమీద అప్పిచ్చెననుకొందురు గాక. ఋణస్థుడు రోగియగును. ఇచ్చినవాడు జాలిపడి, పోనీ తమ్ముడా, ఇక ఇయ్యనక్కరలేదని చెప్పును. నోట చెప్పును, కాగితము మాత్రము పెట్టెలోనే యుండును. దురుద్దేశము లేదు, సోమరితనమే. తరువాత అతడు మరణించును. పెద్దకుమారుడు పెట్టె తెరచును. తండ్రి క్షమించిన సంగతి అతనికి తెలియదు. కాగితము అబద్ధమాడుట లేదు, కాని సత్యమంతయు చెప్పుట లేదు. కోర్టుకు పోలేకపోయినను కుమారుడు ఆ ఇంటి గడప త్రొక్కి అడుగగలడు. ఆదివారము ఒకే బల్లపై కూర్చుండు రెండు కుటుంబములు ముఖము చాటు చేసికొనగలవు.

పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో, తెలుగు బైబిలు పత్రమని తర్జుమా చేసిన గ్రీకు మాట ఖెయిరోగ్రఫొన్. ఋణస్థుడు తన చేతితో వ్రాసియిచ్చిన అప్పుపత్రమునకు అది వాడుక పేరు. ఐగుప్తు ఇసుకలో దొరికిన పపైరస్ పత్రములలో తీరిన అప్పులపై గుణకారపు గుర్తువలె అడ్డగీతలు కొట్టబడి యున్నవి. ఆనాటివారు పత్రమును ఊరక పెట్టెలో విడువక దానిపైననే రద్దు చేసిరి. తెలుగునాట చెల్లు వ్రాయుట యనునది ఇదియే. ఆ ఫిట్టరు చేయవలసినది, బ్రదికి యుండగానే ప్రోనోటుమీద చెల్లు వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి, భార్యకు చూపి, దానిని ఋణస్థుని చేతికిచ్చి రావలెను. సగము ముట్టి సగము విడిచినయెడల ఆ మాట కూడ వెనుకవైపున వ్రాయవలెను. దానిని ఎంతకాలము దాచవలెనను ప్రశ్న అటుపిమ్మట అవతలి యింటివారిది.