పేరు అంటని పని

"అత్తా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. పొద్దున్నంతా వంటిల్లు, మధ్యాహ్నం ఆ కుట్టు ఫ్రేము. ఆ టైమంతా నవల మీద పెట్టి ఉంటే ఈపాటికి పూర్తయ్యేది కాదూ?"

అడిగింది మా మేనల్లుడు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ రాత్రుళ్ళు కథలు రాస్తాడు. మంచి కథలే రాస్తాడు. రాసేవాడికి రాత తప్ప తక్కినవన్నీ కాలక్షేపం అని వాడి నమ్మకం. ఆ వయసులో ఆ పట్టుదల ఉండవలసిందే. కానీ ఆ నమ్మకం తప్పని నేను అనుకుంటున్నాను. రాజమండ్రిలో మా ఇంట్లో వాడితో జరిగిన మాటల్ని ఇక్కడ పెడుతున్నది అందుకే.

"పూర్తయ్యేది కాదురా," అన్నాను. "రోజంతా రాయగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. రాత కుదిరే గంటలు ఎవరికైనా కొన్నే. మిగిలిన గంటల్ని ఫోనుకీ సభలకీ ఇచ్చేవాళ్ళున్నారు, నేను పొయ్యికీ సూదికీ ఇచ్చాను. టైము సంగతి వదిలెయ్యి."

వాడు వదిలేసి ఇంకో దారిన వచ్చాడు. "పోనీ, ఇవన్నీ రచనకి పనికొస్తాయంటే ఒప్పుకుంటాను. టాల్‌స్టాయ్ బూట్లు కుట్టాడు. నబొకోవ్ సీతాకోకచిలుకల వెంట తిరిగాడు. టాగోర్ బొమ్మలు వేశాడు. అవన్నీ ఏదో రకంగా వాళ్ళ సాహిత్యంలోకి చేరి ఉంటాయి. అలాగే నీ వంటా..."

"ఆ మాటే నాకు పడదు. నబొకోవ్ 1940లలో హార్వర్డ్ మ్యూజియంలో సీతాకోకచిలుకల సేకరణ చూసేవాడు. గంటల తరబడి మైక్రోస్కోపు ముందు కూర్చునేవాడు. నీలిరంగు సీతాకోకచిలుకల్లో ఒక వర్గం ఆసియా నుంచి విడతలు విడతలుగా అమెరికా ఖండాలకు చేరిందని 1945లో ఊహించి రాశాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 2011లో, డీఎన్ఏ పరీక్షలు చేసి చూస్తే ఆ ఊహ నిజమని తేలింది. ఇంతా చూసి, అది నవలకి పనికొచ్చిందా అని అడుగుతావా? అది సీతాకోకచిలుకలకి పనికొచ్చింది. అంతకన్నా ఏం కావాలి?"

"టాగోరో మరి?"

"ఆయన సంగతి ఇంకా స్పష్టం. రాతప్రతిలో కొట్టేసిన మాటల్ని గీతలతో కలుపుతూ కలుపుతూ బొమ్మల్లోకి వెళ్ళాడు. అరవై దాటాక మాట. 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన. రెండు వేలకు పైగా బొమ్మలు వేశాడు, చాలావాటికి పేర్లు పెట్టలేదు. ఆలోచించు. బెంగాలీలో ఆయన ఒక్క వాక్యం రాస్తే అది టాగోర్ వాక్యం. ఆ బరువు లేకుండా చెయ్యి కదిపే చోటు ఆయనకి భాషలో ఎక్కడా మిగల్లేదు. రంగుల దగ్గర ఆయన కొత్తగా చేరిన విద్యార్థి. ఆ సుఖం కోసం వేశాడని నేను నమ్ముతాను."

మన దగ్గర అడవి బాపిరాజు గారున్నారు కదా అన్నాడు వాడు. బాపిరాజు గారిని ఈ లెక్కలో కలపకూడదు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్న మనిషి ఆయన. 'నారాయణరావు' నవల రాసిన చెయ్యీ బొమ్మ వేసిన చెయ్యీ రెండూ వృత్తిలో ఉన్నవే. బుచ్చిబాబు, ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మి ఇద్దరూ రాశారు, ఇద్దరూ బొమ్మలు వేశారు. వాళ్ళ గురించి విడిగా రాయాలి.

"కానీ అత్తా," అన్నాడు, ఈసారి కాస్త గట్టిగానే, "ఆ బొమ్మలు మిగిలాయి. గోడలకున్నాయి. నీ పనసపొట్టు కూర రాత్రికి ఉండదు."

"ఉండదు. అందుకే అది నాకు కావాలి."

"అర్థం కాలేదు."

"నేను ఒక పేజీ రాస్తున్నప్పుడు గదిలో ఒక్కదాన్నే ఉండను. పాఠకుడుంటాడు, విమర్శకుడుంటాడు, ముప్పై ఏళ్ళ తరవాత ఎవరో తీసి చదువుతారన్న ఆశ కూడా పక్కనే కూర్చుంటుంది. మిగులుతుందన్న సంగతే చెయ్యి పట్టుకు లాగుతుంది. వంట దగ్గర ఆ లాగుడు లేదు. తింటారు, గిన్నె కడిగేస్తాం. నిన్నటి కూర బాగా కుదిరిందని ఇవాళ్టి కూరకి మార్కులు కలవవు. పోయినసారి చెడిపోయిందని ఎవరూ గుర్తుపెట్టుకోరు. పేరు అంటని పని అది. రాసేవాళ్ళకి అలాంటి పని ఒకటి ఉండి తీరాలి."

"టాల్‌స్టాయ్ బూట్లకి పేరు అంటింది కదా?"

అంటింది. 1885లో కవి ఫెట్ ఆయన దగ్గర ఒక జత బూట్లు కుట్టించుకుని ఆరు రూబుళ్ళిచ్చాడు, వీటిని కుట్టింది ఫలానా రచయితేనని ఒక కాగితం కూడా రాసిపెట్టాడు. అల్లుడైతే ఆయన కుట్టిన బూట్లని పన్నెండు సంపుటాల రచనల పక్కన పదమూడో సంపుటంగా బీరువాలో పెట్టాడని చెబుతారు. అందరూ ముచ్చటగా చెప్పుకునే కథ. నాకు మాత్రం బాధగా ఉంటుంది. పేరున్న ప్రభువు అన్న మాటను వదిలించుకోవడానికే ఆ మనిషి చెప్పులు కుట్టేవాడి దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. బూటు కాలికుంటే బూటు. బీరువాలోకి ఎక్కగానే మళ్ళీ టాల్‌స్టాయ్ అయిపోయింది.

"ఎమిలీ డికిన్సన్?" అన్నాడు వాడు. వీడు చదువుకునే వచ్చాడు. "కొబ్బరి కేకు ఎలా చెయ్యాలో రాసుకున్న కాగితం వెనక కవిత రాసింది. వంట కవితకి పనికొచ్చినట్టేగా?"

"కాగితం పనికొచ్చింది. కేకు కేకే. ఇంకో సంగతి చెబుతాను విను. ఆమె రాసిన కవితలు దాదాపు పద్దెనిమిది వందలు. బతికుండగా అచ్చయినవి పదీ పన్నెండు, అవీ చాలావరకు పేరు లేకుండానే. రొట్టెకి మాత్రం 1856లో ఆమ్హర్స్ట్ పశువుల సంతలో రెండో బహుమతి వచ్చింది. అంటే ఆ ఊళ్ళో ఆమె పేరు రొట్టెకి అంటింది, కవితకి అంటలేదు. నేను వంట దగ్గర వెతుక్కున్నది ఆమెకి కవిత దగ్గర దొరికింది."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత గిన్నె వైపు చూసి, "కూర దించి చాలాసేపైంది, ఆవ ఇంకా కలపవేం?" అన్నాడు.

ఇక్కడ మా మాట పూర్తిగా పక్కదారి పట్టింది. ఆ దారి నాకు ఇష్టం కాబట్టి అదీ చెబుతాను. పనసపొట్టు బజారులో కొట్టించి తెచ్చుకోవచ్చు. నేను కాయ తెచ్చుకుని ఇంట్లోనే కొట్టుకుంటాను. కత్తికీ చేతులకీ నూనె రాసుకోకపోతే ఆ పాల జిగురు ఓ పట్టాన వదలదు. పొట్టుని ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, వార్చి, నీళ్ళు గట్టిగా పిండెయ్యాలి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, దండిగా కరివేపాకు వేసి పోపు. చింతపండు పులుసు పొట్టుకి పట్టేదాకా మగ్గనివ్వాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఆవ దగ్గరే ఉంది అసలు సంగతి.

"ఆవగింజలో ఘాటు ముందే తయారుగా ఉండదురా. రెండు పదార్థాలు గింజలో విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి నీళ్ళు తగిలితే అవి కలుసుకుంటాయి, అప్పుడు పుడుతుంది ఘాటు. వేడి తగిలితే వాటిలో ఒకటి చచ్చిపోతుంది. పోపులో వేగిన ఆవాలకు ఆ ఘాటు లేకపోవడం అందుకే. కాబట్టి చన్నీళ్ళతో నూరాలి, కూర బాగా చల్లారాక కలపాలి. వేడి మీద కలిపావా, ఘాటు పోతుంది, చేదు మిగులుతుంది."

"మిక్సీలో వేస్తే?"

"ఎక్కువసేపు తిప్పితే అదీ వేడెక్కుతుంది. ఆపి ఆపి తిప్పాలి. చిన్న రోలుంటే దానంత మేలు లేదు."

బెంగాలీలు చేపకి ఆవ పెడతారట కదా అన్నాడు. పెడతారు, అందులో పచ్చిమిర్చి కూడా నూరతారు. అక్కడి నుంచి పెసరావకాయకీ, ఆవపెట్టిన పులిహోరకీ వెళ్ళాం. కూర చల్లారింది. ఆవ కలుపుతూ ఉంటే నాకు చెప్పవలసిన మాట దొరికింది.

"నా వాక్యం బాగాలేదని నువ్వంటే, అది ఎందుకు బాగుందో చెప్పడానికి నా దగ్గర ఇంకో పది వాక్యాలుంటాయి. మాటలతో బతికేవాళ్ళకున్న జబ్బు అది, దేన్నైనా సమర్థించుకోగలం. ఆవ చేదెక్కితే ఏం మాట్లాడతావు? కాడకుట్టులో ఒక కుట్టు తప్పితే దారం విప్పడం తప్ప వాదన లేదు. మన మాట చెల్లని చోట రోజూ కాసేపు ఉండాలి. అక్కడ ఉండి వచ్చిన మనిషి అబద్ధపు వాక్యం రాయడానికి కొంచెమైనా వెనకాడుతుంది."

"చూశావా, రచనకి పనికొస్తుందని నువ్వే అన్నావు."

"మనిషికి పనికొస్తుందన్నాను," అని ఊరుకున్నాను.

అప్పుడు అడిగాడు అసలు ప్రశ్న. అడగకపోతే నేనే ఎత్తేదాన్ని.

"పేరు అంటని పని అని ఇందాకటి నుంచీ అంటున్నావు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఆ ఇల్లాలికి జరిగింది అదే కదత్తా! ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయింది. అమ్మా అనేవాళ్ళున్నారు, పేరు చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో లేరు. చిన్ననాటి స్నేహితురాలు చెబితేగానీ గుర్తు రాలేదు. విమల గారు 'వంటిల్లు' కవిత ఎందుకు రాశారు? మగ రచయిత ఆదివారం వంట చేస్తే హాబీ. ఆడవాళ్ళకి అది జన్మంతా చాకిరీ. ఆ చాకిరీకి నువ్వు తత్వం తొడుగుతున్నావేమోనని భయంగా ఉంది."

ఈ మాటని నేను చాలాకాలంగా మోస్తున్నాను. సత్యవతి గారి కథ మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి నా పేరు పైకి అనుకున్నాను. మా అమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చున్నది ఇష్టమై కాదు. పదిమంది ఇంట్లో ఆమెకి వేరే చోటు లేదు. ఆమె చేతి వంటను సృజన అని ఇవాళ నేను కాగితం మీద పొగిడితే ఆమెకి అన్యాయం చేసినట్టే. ఆమె రాసేదేమో, పాడేదేమో, ఎవరికీ తెలియదు. తెలుసుకునే వీలు ఆ పొయ్యి మింగేసింది. కాబట్టి నా మేనల్లుడితో ఇలా అన్నాను.

"పేరు ఉన్న మనిషి దాన్ని కాసేపు గట్టు మీద పెట్టి నీళ్ళలోకి దిగడం వేరు. పేరు లాక్కుని నీళ్ళలోకి తోసెయ్యడం వేరు. బయటినుంచి చూస్తే ఇద్దరూ నీళ్ళలోనే ఉంటారు."

"ఎలా తెలుస్తుంది ఎవరు దిగారో, ఎవర్ని తోశారో?"

"ఇవాళ వండను అని చెప్పగలగాలి. చెప్పాక ఇంట్లో గొంతులు లేవకూడదు, ముఖాలు మాడకూడదు, రేపు ఆ బాకీ తీర్చవలసిన పని ఉండకూడదు. అప్పుడు ఆ వంట ఆమెది. ఆ మాట అనలేని ఇంట్లో వంట ఎంత రుచిగా ఉన్నా నేను దాన్ని ఈ లెక్కలోకి తీసుకోను. సత్యవతి గారి కథకీ విమల గారి కవితకీ నేను ఎదురు నిలబడటం లేదు. వాళ్ళు అడిగింది దక్కిన తరవాత ఏం చెయ్యవచ్చో చెబుతున్నాను."

"మాలతీ చందూర్ గారు?" అన్నాడు. "నవలలు రాశారు, 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ వచ్చింది. అయినా ఎన్నో ఇళ్ళలో ఆవిడ పేరు 'వంటలు-పిండివంటలు' పుస్తకంతోనే తెలుసు. పేరు వంటకే అంటింది."

"పుస్తకానికి అంటింది. ఆవిడ ఇంట్లో ఆ పూట కాచిన చారుకి అంటలేదు. అదీకాక ఆ పుస్తకం చేసిన మేలు చాలామంది గుర్తించలేదు. అంతకుముందు పెళ్ళైన పిల్ల అత్తగారి చేతికింద నిలబడి, మాటలు పడుతూ నేర్చుకునేది. అచ్చులో కొలతలు వచ్చాక ఒంటరిగా తలుపేసుకుని నేర్చుకోగలిగింది. చెడగొట్టి పారేసి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ చేసుకోగలిగింది. 'ప్రమదావనం' శీర్షికలో దశాబ్దాల పాటు ఆవిడ ఆడవాళ్ళ ఉత్తరాలకు జవాబులిచ్చిన చేత్తోనే ఈ పనీ చేశారు."

"అయితే నీ మాట స్వేచ్ఛ ఉన్నవాళ్ళకే వర్తిస్తుందన్నమాట. అంటే చాలా కొద్దిమందికి."

"అవును, ఇప్పటికి కొద్దిమందికే. అంతకన్నా పెద్ద మాట నేను చెప్పలేను."

"సరే అత్తా, ఒప్పుకున్నాను," అన్నాడు. తొందరగా ఒప్పుకున్నాడనే నాకనిపించింది. కొద్దిమందికే వర్తించే మాటని రాసేవాళ్ళందరికీ అవసరమని ఎలా అంటున్నావని ఇంకా నిలదీయవచ్చు. నిలదీస్తే నా జవాబు ఒకటే: ఆ కొద్దిమంది ఎక్కువమంది అయ్యేదాకా ఇంట్లో పని చేతులు మారాలి, ముందు మారవలసింది రాసే మగవాళ్ళ చేతులు. వాడు హైదరాబాదు వెళ్ళి తనూ వంట మొదలుపెడతానన్నాడు, చేసిన ప్రతిదాని ఫొటో పంపుతానన్నాడు. ఫొటో వద్దన్నాను. ఫొటో తీసిన పళ్ళెం వెంటనే పదిమంది మెప్పు కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది.

వాడితో అన్నదే రాసే మగవాళ్ళందరితో అంటున్నాను. పండగనాటి బిర్యానీ అక్కర్లేదు. రోజూ ఒక పూట వంట పూర్తిగా మీరు తీసుకోండి. కూరగాయలు ఏరి తేవడం, రేపటికి మినప్పప్పు నానబెట్టడం గుర్తుంచుకోవడం, పొయ్యి గట్టు తుడవడం, అడుగంటిన గిన్నె తోమడం, అన్నీ అందులో భాగమే. బాగుందా అని అడక్కండి. ఆ పూట మీ ఇంట్లో ఇంకెవరైనా కాగితం ముందు కూర్చుంటే తలుపు దగ్గరగా వేసి రండి.