సెలోపెహాదు కుమార్తెలు



సంఖ్యాకాండము 27వ అధ్యాయము చదువుడి. తండ్రిని కోల్పోయిన అయిదుగురు కుమార్తెలు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్ద మోషే యెదుట నిలిచి తమ స్వాస్థ్యము నడిగిరి. వారి మాట న్యాయమని యెహోవా సెలవిచ్చెను. కాబట్టి హక్కు నడుగుట అవిశ్వాసము కాదు.

1925 భారత వారసత్వ చట్టము ప్రకారము, క్రైస్తవుడు భార్యాబిడ్డలను విడిచి వీలునామా లేక మరణించినయెడల, ఆస్తిలో మూడవ వంతు భార్యది. మిగిలినది కొడుకులకును కూతుండ్రకును సమానముగా చెందును. దుఃఖములోనున్న విధవరాలిచేత ఖాళీ కాగితముమీద వేలిముద్ర వేయింపకుడి. 1987 చట్టము చొప్పున న్యాయ సేవాధికార సంస్థవారు స్త్రీలకు వకీలును ఉచితముగా ఏర్పాటు చేయుదురు.

సంఘ పెద్దలారా, సమాధి ఆరాధనతో మన పరిచర్య ముగియదు. కోర్టు గుమ్మమువరకు ఆమెకు తోడుగా నడువుడి. విధవరాండ్ర దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.