ఒకే గాయం - రెండు పాటలు

బానిసల పాటని విని ఆనందించవచ్చా? ఈ ప్రశ్న కొత్తదేం కాదు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లోనే తన ఆత్మకథలో దీన్ని మన ముందుంచాడు. పాడుతున్నారంటే సంతోషంగా ఉన్నట్టేనని ఉత్తరాది జనం నమ్మడం చూసి నివ్వెరపోయాననీ, నిజానికి దుఃఖం ముంచుకొచ్చినప్పుడే బానిసలు ఎక్కువ పాడేవాళ్ళనీ చెప్పాడు. నాట్లేసే ఆడవాళ్ళ పాట విని "ఎంత హాయిగా పాడుకుంటున్నారో!" అని గట్టు మీద నిలబడి మురిసిపోయే వాళ్ళని మనమూ చూశాం. వినేవాళ్ళ హాయిని పాడేవాళ్ళకి అంటగట్టడం ఎక్కడైనా సులువే.

పాడేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కాలేజీ కోసం నిధులు కూడబెట్టడానికి జూబిలీ సింగర్స్ పేరుతో ఊరూరా తిరిగారు. స్పిరిచ్యువల్స్‌ని ప్రపంచానికి వినిపించింది వీళ్ళే. కానీ మొదట్లో వాటిని వేదికనెక్కించడానికి వాళ్ళు ఇష్టపడలేదు. అవి అమ్మానాన్నలకి పవిత్రమైనవి, బానిసత్వంతో ముడిపడినవి. బృందానికి పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ స్వయంగా బానిసగా పుట్టిన మనిషి. పసిబిడ్డగా ఉన్న ఆమెతో సహా నదిలో దూకబోయిన తల్లిని మరో బానిస స్త్రీ ఆపింది. ఆ గొంతుల వెనక ఉన్న బతుకులివి.

అయితే స్పిరిచ్యువల్స్‌లో ఒక మౌనం నన్ను వెంటాడుతుంది. మోసెస్ ఉన్నాడు, జోర్డాన్ నది ఉంది, తల్లిలేని బిడ్డ ఉంది. యజమాని గదికి వెళ్ళక తప్పని స్త్రీ మాత్రం దాదాపు కనిపించదు. అది అరుదైన అనుభవం కాబట్టి కాదు. బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే ఉంటుందని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. అంటే బానిస స్త్రీని బలాత్కరించిన యజమానికి శిక్ష లేకపోగా మరో బానిస లాభం. 1808 నుంచి విదేశాల నుంచి బానిసల్ని తేవడం నిషేధించాక ఆ గర్భాల విలువ ఇంకా పెరిగింది. 'ఏడు తరాలు' చదివిన వాళ్ళెవరూ కిజీని మరిచిపోలేరు కదా! పాట దాచుకున్న ఈ మాటని 1861లో హారియెట్ జేకబ్స్ మారుపేరుతో వచనంలో రాసింది. బానిసత్వం మగవాళ్ళకి ఘోరమైతే ఆడవాళ్ళకి మరింత ఘోరమని తేల్చి చెప్పింది.

ఆ గాయం మరో వందేళ్ళకి పాటలోకి వచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు. 1966లో నీనా సిమోన్ 'ఫోర్ విమెన్' పాడింది. నలుగురు నల్లజాతి స్త్రీలు వరసగా తమ ఒంటి రంగూ, జుట్టూ, బతుకూ చెప్పుకుంటారు. రెండో ఆమె పుట్టుక వెనక ఉన్నది ధనికుడైన తెల్లవాడి బలాత్కారం. ఐదేళ్ళకి, 1971లో, రోలింగ్ స్టోన్స్ 'బ్రౌన్ షుగర్' వచ్చింది. అందులో బానిసల ఓడ, న్యూ ఆర్లియన్స్ సంత, అర్ధరాత్రి స్త్రీలని కొరడాతో కొట్టే వ్యాపారి ఉన్నారు. ఆ వెంటనే నల్లపిల్ల ఒంటి రుచిని పొగిడే పల్లవి. మొదటి పాట నల్లజాతి స్త్రీలని కించపరుస్తోందని కొన్ని రేడియో స్టేషన్లు ఆపేశాయి. రెండోది అమెరికాలో నంబర్ వన్ అయింది.

"పాటలో మాట్లాడేది పాత్ర, గాయకుడు కాదు కదా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1972లో రాండీ న్యూమన్ రాసిన 'సెయిల్ అవే'లో పాడేదీ బానిసల వ్యాపారే. అమెరికా ఎంత గొప్పదో చెప్పి ఆఫ్రికన్లని తియ్యగా ఓడెక్కమంటాడు. ఆ తీపికి లొంగిపోతున్న మనల్ని చూసుకుని మనకే సిగ్గేస్తుంది. కాబట్టి దుర్మార్గుడి నోట పాట పెట్టడం తప్పు కాదు. ఆ నోటి పక్కన మనల్ని ఎక్కడ నిలబెట్టిందన్నదే అసలు సంగతి. 'బ్రౌన్ షుగర్'లో గిటారు మనల్ని తీసుకెళ్ళి కొరడా పట్టుకున్న వాడి పక్కన నిలబెడుతుంది, చిందులేయమంటుంది. దెబ్బలు తింటున్న ఆమెకి ఆ పాటలో ఒక్క మాట కూడా లేదు.

2021లో రోలింగ్ స్టోన్స్ తమ కచేరీల్లోంచి ఈ పాటని తీసేశారు. అది బానిసత్వపు ఘోరాల గురించిన పాటేనని ఎందుకు అర్థం చేసుకోరని కీత్ రిచర్డ్స్ వాపోయాడు. ఘోరాల గురించే కావచ్చు. కానీ ఆ ఘోరం ఎవరికి జరిగిందో ఆమె వైపు నుంచి ఒక్క క్షణమైనా చూడకపోతే అది ఘోరంగా ఎలా వినిపిస్తుంది?

పాటని తీసేయడంతో లెక్క తీరిపోయిందని కూడా నేననుకోను. ఈ గాయం చుట్టూ మౌనం ఇప్పటికే చాలా ఉంది. నిషేధాల కన్నా ఈ రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టుకుని వినడం మేలు. క్లాసురూముల్లో వినిపించాలి, కాలు తాళం వేస్తున్నప్పుడు ఎందుకు వేస్తోందని మనల్ని మనం అడగాలి. నీనా సిమోన్ పాటలో ప్రతి స్త్రీ చివర్లో తన పేరు తనే చెబుతుంది. నాలుగో ఆమె అయితే కోపంతో అరిచి మరీ చెబుతుంది. ఆ రెండో పాటలో ఉన్నది పేరు కాదు, సరుకు.